ఖాళీ గిన్నె

అమలాపురంలో మేం అద్దెకున్న ఇంటి ఓనరావిడ ఏనాడూ గొంతు పెంచలేదు. పెంచిందల్లా అద్దే. పెంచాలనుకున్నప్పుడల్లా పనసపొట్టు కూర తెచ్చేది. స్టీలు గిన్నె మీద అరిటాకు ముక్క కప్పి, మా గుమ్మంలో నిలబడి, "జిల్లా అయ్యింది కదండీ" అనేది.

అమలాపురం జిల్లా కేంద్రం అయ్యాక ఆ కూర తరచుగా వచ్చేది. వంటగది పైకప్పు కారుతోంది, బాగుచేయించమంటే మాత్రం "ఆయ్, చూద్దారండీ" అనేది. వానాకాలమంతా నేను పొయ్యి పక్కన బకెట్ పెట్టుకునే వండాను. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని ప్రతిసారీ పులిహోరో, పూతరేకులో పెట్టి పంపేదాన్ని. ఆ మర్యాద తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

చివరిసారి కూర చేతికిచ్చి, "మీరుంటున్న వాటాని ఏదో ఆఫీసుకి అడుగుతున్నారండీ. వచ్చే నెలకి ఖాళీ చేసేస్తే మంచిదండీ" అంది.

పాప పరీక్షలయ్యేదాకా ఆగమని బతిమాలాను.

"జిల్లా అయ్యింది కదండీ" అంది, చాలా మెత్తగా.

ఊళ్లో అద్దెలు అందక, రావులపాలెం దారిలో ఓ పల్లెలో ఇల్లు చూసుకున్నాం. సామాను వ్యానెక్కించాక ఆవిడ గబగబా వచ్చింది. ఓ మంచి మాట చెప్పి పంపుతుందేమో అనుకున్నాను.

"మా గిన్నె మీ సామాన్లలో ఉండిపోయిందండీ."

మూటలన్నీ దింపించి, వెతికి, ఆవిడ చేతిలో పెట్టాను. ఆ ఒక్కసారే అందులో ఏమీ వేయలేదు.

"ఇల్లూ ఖాళీ, గిన్నే ఖాళీ. తీసుకోండి" అన్నాను.

ఆవిడ గిన్నెలోకి ఓసారి చూసి, "ఆయ్" అంది.