రిహానా మేడం తిట్ల బడి

మనిషన్నవాణ్ణి మెచ్చుకోవడం రిహానా మేడంకు చేతకాదు. ఎవరిని చూసినా ఆమెకు వేలాడేసిన బట్టే గుర్తొస్తుంది. కల్లూరులో వాళ్ళ నాయనది బట్టల అంగడి. దాని ముందర గాలికి ఊగే నైటీలను చూస్తూ పెరిగిన మనిషి. బెంగళూరు పోయి గాల్లో విన్యాసాలు నేర్చుకొచ్చి, మూతపడిన శెనక్కాయల మిల్లులో దూలానికి ఒక మోకు, రెండు పొడుగాటి గుడ్డలు కట్టింది. కింద పరుపులు పరిచింది. వాటిని పట్టుకుని ఎక్కడం, తిరగడం, తలకిందులుగా వేలాడడం జనానికి నేర్పుతుంది. నేర్పుతుందని పేరే గానీ, గంటలో ముప్పావు గంట తిట్లే.

జిమ్నాస్టిక్సులో పతకాలు తెచ్చుకున్న శివాని మొదటి రోజే సర్రున పైకెక్కి, మెప్పు కోసం కిందికి చూసింది.

"మా అంగడి ముందర నైటీ నయం. గాలొస్తే అదన్నా అందంగా ఊగుతాది," అంది మేడం.

అరవై దాటిన రామలక్ష్మమ్మ మోకాళ్ళ నొప్పులకు మంచిదని ఎవరో చెబితే వచ్చింది. నేలకు జానెడెత్తున ఉయ్యాలలా కట్టిన గుడ్డలో కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచింది.

"కళ్ళు మూసుకోని యాడికి పోతాండావక్కా? జానెడెత్తు నుంచి పడి చచ్చినోళ్ళు లేరు. తెరువు!"

"ఏం నోరమ్మా తల్లీ నీది!" అని శాపనార్థాలు పెట్టి పోయిన రామలక్ష్మమ్మ, మర్నాడు అందరికంటే ముందొచ్చి కూర్చుంది.

అక్రమ్ మాత్రం భయపడుతూనే వచ్చాడు. అతనిది పంక్చర్ల అంగడి. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. టైర్లు ఊడదీసి ఊడదీసి చేతులు ఉక్కులా తయారయ్యాయి గానీ, వాటిని చూసే నాథుడు లేడు. అతను టీ తాగినా "పాపం, ఎంత బాగా తాగుతున్నాడో" అన్నట్టు చూసే జనం. ఈమె కూడా కాలు చూసి నాలుక చప్పరిస్తుందని సిద్ధపడే నిలబడ్డాడు.

మేడం కిందినుంచి పైదాకా చూసింది. "భుజాలేందప్పా అట్ల జారిపోయినాయి? హ్యాంగరు లేని చొక్కా మాదిరి ఉండావు. ఎత్తు!"

అక్రమ్ భుజాలెత్తాడు. ఆ తర్వాత మూడు నెలలు మోచేతికి తిట్లు, నడుముకు తిట్లు, పీల్చే ఊపిరికి తిట్లు.

ఇంతలో కర్నూలులో ఒక సేవాసంఘం వార్షికోత్సవానికి మేడం శిష్యులకు పిలుపొచ్చింది. అక్రమ్‌కు ఒకటే కోరిక. పదిహేనడుగులు తన చేతులతో తానే ఎక్కాలి. ఒక్కరూ పాపమనకూడదు.

సంఘం కార్యదర్శి శివశంకర్ మైకు దొరికితే వదలని రకం. ఉత్సవం రోజు వేదిక పక్కకు వచ్చి, "మేడం, ఈయన్ని ఉయ్యాలలో కూచోబెడితే మావాళ్ళు నలుగురు పైకి లాగుతారు. జనం ఏడ్చేస్తారు. ఫొటోలకు శానా బాగుంటాది," అన్నాడు.

అక్రమ్ మొహం మాడిపోయింది.

"లాగేకి ఆయనేమన్నా బావిలో బొక్కెనా? ఎక్కుతాడు. ఎక్కకపోతే తిట్టేకి నేనుండా," అంది మేడం.

అక్రమ్ గుడ్డ పట్టుకోకముందే చప్పట్లు మోగాయి. శివశంకర్ మైకులో "కాలు సహకరించకపోయినా..." అని అందుకున్నాడు. అక్రమ్ చూపు కింద జనం మీదికి జారింది. సగం ఎక్కి ఆగిపోయాడు. హాలంతా "అయ్యో పాపం" అంది.

అప్పుడు మైకు అక్కర్లేని గొంతొకటి లేచింది.

"మెడేందప్పా అట్ల వాల్చినావు? కింద దుడ్లు పడిపోయినట్ల చూస్తాండావే! పైకి చూడు!"

ముందు వరుసలో ఒకావిడ "ఛీ, ఏం మనిషి!" అంది. పైన అక్రమ్‌కు మాత్రం ప్రాణం లేచొచ్చింది. మెడ ఎత్తాడు. మిగతా సగం ఎక్కేశాడు. గుడ్డ నడుముకు చుట్టి, రెండు చేతులూ వదిలేసి, తలకిందులుగా వేలాడాడు. అప్పుడు తోచింది. మూడు నెలల్లో ఆ మహాతల్లి తిట్టని అవయవం లేదు, ఒక్క ఎడమకాలు తప్ప. రామలక్ష్మమ్మ కళ్ళను తిట్టింది గానీ మోకాళ్ళ జోలికి పోలేదు. దిద్దుకోగలిగినదాన్నే తిడుతుంది ఆ గయ్యాళి! ఎంత ముద్దొచ్చిందో ఆమె.

దిగాక శివశంకర్ శాలువా కప్పుతూ చెవిలో గొణిగాడు. "ఆమెకు నీ మీద అంత కోపమేందప్పా? అందరి ముందర నీ మెడ గురించి తిట్టింది!"

"కోపమేం లేదు సార్," అన్నాడు అక్రమ్. "నాకు మెడ కూడా ఉండాదని చూసింది ఆమె ఒక్కతే."