ఎక్కడికని అడగకూడదు

కింది వాటా ముసలాయన తలుపు తీశాడు. ఆయన వెనక చాప మీద పిల్లల బూట్లు లేవు. రోజూ రెండు జతలూ అక్కడే ఉండేవి. నాకు మొదట భయం వేసింది ఆ ఖాళీ చాప చూసినప్పుడే.

షికాగోలో అది మా మొదటి చలికాలం. నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా మా అమ్మాయినీ అబ్బాయినీ కింది వాటా పోలిష్ దంపతులు చూసుకునేవారు. ఆమెకు కొద్దిగా ఇంగ్లీషు వచ్చు, ఆయనకు బొత్తిగా రాదు. పిల్లలు ఆమెను వాళ్ల భాషలోనే బాబ్చా అనేవారు, అంటే నాయనమ్మ. నేను లైబ్రరీ నుంచి క్యాసెట్ తెచ్చుకుని పోలిష్‌లో ప్రశ్నలడగడం నేర్చుకుంటున్నాను. మొదటి పాఠమే "గ్జె", ఎక్కడ అని.

ఆ పొద్దున బాబ్చా, సాయంత్రం పిల్లల్ని బయటికి తీసుకెళ్తానంది. గ్జె నోటిదాకా వచ్చింది. బయల్దేరేవాళ్లను ఎక్కడికని అడిగితే వెళ్లిన పని చెడుతుందని మా ఇంట్లో పట్టింపు. ఎందాకా అనాలి. ఎందాకా క్యాసెట్‌లో లేదు. తలూపి బస్సెక్కాను.

ఇప్పుడు ముసలాయనను, "గ్జె జెచి?" అన్నాను, పిల్లలెక్కడని.

ఆయన చాలాసేపు చెప్పాడు. ఒక్క ముక్కా అర్థం కాలేదు. మాట ముందు "చి" చేర్చి అడిగితే అవుననో కాదనో జవాబొస్తుంది. ఆ రెండూ నాకు తెలుసు.

"చి కోశ్చూవ్?" చర్చికా?

"నియె." కాదు.

"చి స్క్లెప్?" కొట్టుకా?

"నియె."

"చి ష్పితాల్?" ఆసుపత్రికా?

"నియె, నియె!" అంటూ శిలువ గుర్తు వేసుకున్నాడు.

నాకొచ్చిన చోట్లు అయిపోయాయి. "చి దోబ్జె?" అన్నాను. క్షేమమేనా?

"తాక్," అని కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. అవునన్నమాట.

చీకటి పడ్డాక వచ్చారు. రెండు వీధుల అవతల బాబ్చా చెల్లెలింట్లో విందట. పిల్లల మూతుల నిండా కేకులోని గసగసాలు.

"ఎక్కడికో చెప్పలేదేం?" అన్నాను ఇంగ్లీషులో.

"యూ నో ఆస్క్," అంది బాబ్చా కోటు విప్పుతూ. "ఐ థింక్, గుడ్, మదర్ ట్రస్ట్ మి."

మర్నాడు పొద్దున మా అమ్మాయి, "అమ్మా, ఆర్ యూ మ్యాడ్?" అంది, కోపమొచ్చిందా అని.

"లేదు. ఇకనుంచి ఎవరు బయటికెళ్లినా ఎక్కడికని అడుగుతాను. చెప్పి వెళ్లాలి."

"అమ్మమ్మ అలా అడగొద్దందిగా?"

"అమ్మమ్మ ఊళ్లో ఎవరెక్కడున్నారో అడక్కుండానే తెలుస్తుంది. ఇక్కడ తెలీదు," అన్నాను.