కుడివైపు పైపు లేని కారు

2022 వేసవి. అమెరికాలో షామ్‌బర్గ్‌ ఊరికి కొంచెం అవతల, టైర్ల షాపుకీ కార్ వాష్‌కీ మధ్య ఇరుక్కుని ఉంటుంది నా మఫ్లర్ షాప్. ఇరవై ఏళ్లుగా కార్ల కింద పడుకుని పొగగొట్టాలు బిగించడమే నా పని. ఫంక్షన్లలో కలిసిన మనవాళ్లు "ఏ కంపెనీ అండీ?" అని అడుగుతారు. "సొంత షాపే, ఎగ్జాస్ట్ పని" అంటే ఒక్క క్షణం ఆగి "ఓ, నైస్" అంటారు. ఆ నైస్‌కి ఎప్పుడో అలవాటు పడిపోయాను. మెడనొప్పికే ఇంకా పడలేదు.

ఆ వేసవిలో రామ్మోహన్ గారు తన కిట్ కారుని ట్రైలర్ మీద తీసుకొచ్చారు. కిట్ కారంటే ఫ్రేమూ, ఫైబర్ బాడీ, మిగతా సామానూ పెట్టెల్లో తెప్పించుకుని ఇంట్లోనే బిగించుకునే కారు. కెమికల్ కంపెనీలో రిటైరయ్యాక ఆరేళ్లపాటు ఆయన గరాజ్‌లో దానితోనే గడిపారు. పైకప్పు లేదు, సీట్లు రెండే, ఇంకా రంగు కూడా వేయలేదు. మిగిలిన పెద్ద పని సైడ్ పైప్స్. మామూలు కారులో పొగగొట్టం కింద నుంచి వెనక్కి పోతుంది. ఇందులో ఇంజన్ పక్కనుంచి బయటికొచ్చి, రెండువైపులా తలుపుల కింద అందరికీ కనబడేలా ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది. మోత ఎక్కువ. వేడి మీద ముట్టుకుంటే చర్మం ఊడొస్తుంది.

నాకు ఈ పనంటే విసుగు. ఇంజన్ ఊగుతుంది కాబట్టి పైపుని గట్టిగా బిగించకూడదు, రబ్బర్ మౌంట్ల మీద వేలాడదీయాలి. బాడీకి తగలకుండా కాస్త ఖాళీ వదలాలి. ఇంట్లో కట్టిన కార్లలో ఒక వైపున్నట్టు రెండో వైపు ఉండనే ఉండదు. దానికి తోడు రామ్మోహన్ గారి చేతిలో ఎప్పుడూ ఒక స్టీల్ స్కేలు.

"శ్రీధర్ గారూ, ఎడమది కుడిదానికన్నా కిందికుందండీ."

"ఎంత సార్?"

"పావు అంగుళం."

"రోడ్డు మీద ఎవరు వంగి చూస్తారు సార్?"

"నేను చూస్తానుగా!"

విప్పాను, బిగించాను, మళ్లీ విప్పాను. పావు అంగుళం కోసం మనిషి ఇంత పట్టుబడతాడా అని కారు కింద పడుకుని పళ్లు నూరుకున్నాను.

చివరికి రెండూ సమానమయ్యాయని ఒప్పుకున్న రోజున ఆయన భార్య సుశీల గారిని పిలిపించారు. ఆవిడ పెద్ద ఎస్‌యూవీలో అద్దాలన్నీ దించుకుని వచ్చారు, పూజకి నిమ్మకాయలూ నాకోసం పులిహోర డబ్బా తెచ్చారు. మూసిన కారులో కూర్చుంటే ఆవిడకి తల తిరుగుతుందట. గాలి తగిలే కారు కట్టి లేక్ ఒడ్డంతా తిప్పుతానని ఆయన రిటైరైన రోజే మాటిచ్చారట.

"ముందు నువ్వే ఎక్కు సుశీలా."

ఆవిడ చెప్పులు విడిచారు. "కొత్త బండి కదా," అని కళ్లకద్దుకుని ఎక్కారు. ఇంజన్ స్టార్ట్ చేస్తే షాపు రేకులు అదిరిపోయాయి. ఆవిడ చెవులు మూసుకుని ఒకటే నవ్వు. కాసేపు అలాగే నడిపించి ఆపాను.

"దిగేటప్పుడు కాలు దూరంగా వేయాలమ్మా. పైపు కాలిపోతూ ఉంటుంది," అన్నాను. అందరికీ చెప్పేదే.

"అలాగే బాబూ."

నేను బానెట్ వైపు వెళ్లాను. ఆవిడ కుడివైపు తలుపు తీసి కాలు బయటపెట్టారు. ఎస్‌యూవీలో సరిగ్గా అక్కడే మెట్టు ఉంటుంది. ఈ కారులో అక్కడున్నది పైపు. ఒట్టి పాదం దాని మీద మోపి, ఫ్రేము పట్టుకుని కిందికి వంగి, "నా చెప్పులెక్కడ పెట్టారండీ?" అని వెతుకుతున్నారు.

ఎవరైనా కెవ్వున అరిచి ఎగిరి పడతారు. ఆవిడ నింపాదిగా చెప్పులు వెతుకుతున్నారు. ముందు నాకు వాసన తెలిసింది. పరిగెత్తుకెళ్లి రెండు చేతులతో ఎత్తి కుర్చీలో దించాను. అరికాలి చర్మం పైపుకే అంటుకుపోయింది.

"నొప్పేం లేదండీ," అన్నారావిడ భర్త ముఖంలోకి చూస్తూ.

రామ్మోహన్ గారు ఆవిడ రెండో పాదం వేళ్లు నొక్కి చూశారు. ఆవిడకి షుగర్ ఉందని ఆయనకి తెలుసు. పాదాలకి స్పర్శ పోయిందని తెలియదు.

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్లయి ఉంటుంది."

"నాతో చెప్పొద్దా సుశీలా?"

"చెబితే కారు వదిలేసి నా కాళ్ల దగ్గర కూర్చునేవారు. నాకు మీరు గరాజ్‌లో ఈలేసుకుంటూ ఉంటేనే బాగుంటుంది."

ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. షుగర్ ఉన్న కాలు కాబట్టి పాదం దక్కుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టర్లు. రాత్రి షాపుకొచ్చి వైర్ బ్రష్‌తో ఆ పైపు శుభ్రం చేశాను. ఇంత దిక్కుమాలిన పని నా సర్వీసులో ఇంకోటి చేయలేదు. పులిహోర డబ్బా అలాగే ఉండిపోయింది.

కొన్ని వారాలకి ఆయన ఫోన్ చేశారు. "పాదం దక్కింది. చిటికెన వేలు తీసేశారు. ఆ కారు అమ్మేయండి శ్రీధర్ గారూ, వచ్చినంతకి."

వెనకనుంచి ఆవిడ ఫోన్ లాక్కున్నారు. "అమ్మొద్దు బాబూ. ఆ రెండు పైపులూ ఆయన వైపే పెట్టెయ్యలేవూ?"

పెట్టొచ్చు. కుడివైపు గొట్టాన్ని గేర్‌బాక్స్ వెనక నుంచి ఎడమకి దాటించి, రెండింటినీ ఒకే లావు పైపులో కలపాలి. ఇంజన్‌కీ ఆవిడ కాళ్లకీ మధ్యనున్న అడ్డురేకుకి వేడి తగలకుండా ఇన్సులేషన్ చుట్టాలి. కుడివైపు బాడీలో కోసిన కన్నాన్ని ఫైబర్‌తో మూసెయ్యాలి. అంతా చేసినా కారు ఒక చెవికి కమ్మ పెట్టుకున్న మనిషిలా ఉంటుంది. ఆ సంగతి రామ్మోహన్ గారికి మొహమాటపడుతూనే చెప్పాను. పావు అంగుళానికి నన్ను మూడుసార్లు కారు కిందికి పంపిన మనిషి కదా.

"కానివ్వండి," అన్నారాయన.

పని నడిచినన్నాళ్లూ ఆయన స్కేలు బయటికి తీయలేదు. ఒక్కసారి తీసుంటే బాగుండేదని నాకే అనిపించింది. చివరి రోజున మాత్రం ఇంజన్ నడిపి, ఆపి, కుడివైపు తలుపు కింద మోకాళ్ల మీద కూర్చుని, ఒట్టి అరచేత్తో ఆ చివర నుంచి ఈ చివరదాకా తడిమి చూసుకున్నారు.

అప్పట్నుంచీ సైడ్ పైప్స్ పని ఒప్పుకునే ముందు నేను కొలిచే టేపు తీయను. "పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు? ఒకసారి తీసుకురండి," అంటాను. కొందరు చిరాకు పడి వేరే షాపుకి పోతారు. పోనీ, నా మెడకి విశ్రాంతి.

నిరుడు ఎండాకాలంలో ఒక కార్ షోలో ఆ దంపతులు కనబడ్డారు. ఆవిడ బూట్లు వేసుకుని సీట్లో కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. అమెరికన్ ఒకతను వాళ్ల కారు చుట్టూ తిరిగి, కుడివైపు ఆగి, నవ్వుతూ అడిగాడు: "రెండో పైపు డెలివరీ ఇంకా రాలేదా?"

రామ్మోహన్ గారు కొంచెం కూడా తడబడలేదు.

"మా ఆవిడ దిగేది అటే," అన్నారు.