రెండో పళ్లెం

మైపాడు ఒడ్డున, ఈత కొలను, పాలరాతి మెట్లు ఉన్న ఒక ఖరీదైన విల్లాను అద్దెకు తీసుకున్నాను. అలాంటి చోట ఒక్కసారి ఉందామని అడిగేది నా భార్య సుజాత. వచ్చే ఏడు చూద్దాంలే అని నేను దాటవేస్తూ వచ్చాను. చివరికి ఆమె పోయాక, ఒక్కడినే వెళ్లాను.

మధ్యాహ్నం అక్కడి వంటమనిషి మేరమ్మ బల్ల మీద రెండు పళ్లేలు పెట్టింది.

"అక్క రాలేదా అన్నా? ఇద్దరొస్తారని చెప్పినారే."

బుకింగ్‌లో అలవాటుగా ఇద్దరమని రాసినట్టున్నాను. "ఆమె లేదమ్మా. ఈమధ్యే పోయింది," అన్నాను.

రెండో పళ్లెం తీసేస్తుందనుకున్నాను. ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, అందులో తనకూ అన్నం పెట్టుకుంది. నేను తెల్లబోయి చూశాను.

"ఏమనుకోబాకన్నా. మా పల్లెలో మనిషి పోయిన ఇంటోళ్లను ఏడాది దాకా ఒంటిగా తిననియ్యం. ఎవురో ఒకరం పోయి పక్కన కూర్చుంటాం. పులుసు నిన్నటిది, ఈ రోజే రుచి. ముల్లు చూసుకో, మీ హైదరాబాదోళ్లకు చేప తినడం రాదు."

నవ్వబోయాను. కలిపిన ముద్దనే మళ్లీ మళ్లీ కలుపుతూ ఉండిపోయాను.

సుజాత ఏళ్ల తరబడి రాత్రిళ్లు నాకోసం ఎదురుచూసి, ఒక్కతే తిని పడుకునేది. నేను బయటే తినేసి వచ్చేవాడిని. ఫోన్ చేసి ఆ మాటైనా చెప్పేవాడిని కాదు.

మేరమ్మ తినడం ఎప్పుడో అయిపోయింది. ఎంగిలి చెయ్యి ఎండిపోతున్నా, నా పళ్లెం ఖాళీ అయ్యేదాకా ఆమె లేవలేదు.