టోనింగ్ కరపత్రం కింద నా సంతకం

నా రిటైర్మెంటుకు నాలుగేళ్లు మిగిలి ఉండగా, ఒక జూన్ నెల మొదటి సోమవారం, చేవెళ్ల ప్రాంతంలోని ఒక ప్రభుత్వ దవాఖానలో ఫిజియోథెరపిస్టుగా బదిలీ మీద చేరాను. దవాఖాన పేరు రాయను. అప్పటి సిబ్బందిలో చాలామంది ఇంకా సర్వీసులోనే ఉన్నారు.

మా విభాగంలో హోదాల గొడవ తక్కువ. పైన సూపరింటెండెంటు, ఆ కింద ఎముకల డాక్టరు. ఆయన చీటీ రాసి పంపితే కసరత్తు చేయించేది నేను. ఎక్స్‌రే గది పక్కన నాకొక గది ఇచ్చారు. అందులో ఒక మంచం, తొక్కడానికి కదలని సైకిలు, కాళ్లకు కట్టే ఇసుక సంచులు ఉండేవి. అర కిలో, కిలో సంచుల మీద ‘స్త్రీలు’ అని, మూడు, ఐదు కిలోల వాటి మీద ‘పురుషులు’ అని నాకంటే ముందు పనిచేసినవారెవరో పెయింటుతో రాసి పెట్టారు. చూసి నవ్వుకున్నాను. తుడిపించాలని తోచలేదు. చేరిన మొదటి వారమంతా సంతకాలతోనే సరిపోయింది. చార్జి లిస్టు, స్టాక్ రిజిస్టరు, హాజరు పట్టీ, మొయినాబాద్‌లో జరగబోయే మహిళా ఆరోగ్య శిబిరం కాగితాలు. గుమాస్తా వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెట్టాను.

రెండో వారంలో మరియమ్మ వచ్చింది. వయసు నలభై ఆరు. చేవెళ్ల కూరగాయల మార్కెట్లో టమాట బాక్సులు మోసే ఆడవాళ్ల జట్టులో పద్దెనిమిదేళ్లుగా పని. నిండిన బాక్సు ఇరవై ఐదు కిలోలు ఉంటుంది. కూర్చున్న మనిషి దాన్ని నెత్తికి ఎత్తుకుని లేవాలి, తడిసి జారే గచ్చు మీద నడవాలి, లారీ దగ్గర దించాలి. ఏప్రిల్‌లో ఆ గచ్చు మీదే జారి, ఎడమ కాలు మోకాలి కింద విరిగింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఎముక అతికింది. తొడ కండ మాత్రం కరిగిపోయింది.

మేము తొడను టేపుతో కొలుస్తాం. మోకాలి చిప్ప నుంచి జానెడు పైన గుర్తు పెట్టి, ప్రతిసారీ అక్కడే చుట్టుకొలత తీస్తాం. మరియమ్మ ఎడమ తొడ కుడిదానికంటే నాలుగు సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. కార్డు మీద రాసుకుని, నీకేం కావాలని అడిగాను. నొప్పి తగ్గాలంటుందనుకున్నాను.

“దసరా దాక నా జాగ ఆపుతమన్నరు మేడం,” అన్నది. “అప్పటికి బాక్సు ఎత్తకపోతే ఇంకొకామెను తీస్కుంటరు. నాకు బాక్సు ఎత్తుడు రావాలె. గంతే.”

జట్టులో జాగా పోతే మిగిలేది కూర్చుని టమాటల్లో పుచ్చులు ఏరే పని. కూలి తక్కువ, అది అటుంచితే, పద్దెనిమిదేళ్లు మోసిన మనిషి ముసలివాళ్ల వరసలో కూర్చోవడం ఆమెకు చిన్నతనం. దసరాకు నాలుగు నెలలు ఉంది. సరిపోతుందని చెప్పాను. నిజంగానే సరిపోయేది.

కండను పెంచే పద్ధతిలో రహస్యమేమీ లేదు. మనిషి పది సార్లు ఎత్తగలిగి, పదకొండోసారి ఎత్తలేని బరువేదో చూడాలి. దానితో చేయించాలి. పదిహేను సార్లు ఎత్తగలిగిన రోజున బరువు పెంచాలి. కాలు మీద కాలు వేసుకుని యాభై సార్లు ఊపగలిగే బరువుతో కండ పెరగదు, చెమట పడుతుందంతే. మరియమ్మను కిలో సంచితో మొదలుపెట్టి అయిదో వారానికి ఐదు కిలోల ‘పురుషులు’ సంచికి తెచ్చాను. ఆ అక్షరాలు చూసి ఆమె పకపకా నవ్వింది. కుర్చీలోంచి చేతి ఆసరా లేకుండా లేవడం వచ్చింది. టేపు ఒక సెంటీమీటరు ఎక్కువ చూపింది. జులై మధ్యలో ఆమె రావడం మానేసింది.

ప్రభుత్వ దవాఖానలో రోగి మానేస్తే కార్డును ‘రాలేదు’ అనే కట్టలో పెడతాం. నేనూ పెట్టాను. ఫోన్ చేయలేదు. కోలుకుని ఉంటుందిలే అనుకున్నాను.

దసరా వెళ్లిన వారానికి ఆటోలో వచ్చింది, వెంట కూతురు సునీత ఉన్నది. మోకాలు కుండలా వాచింది. మార్కెట్‌కు తిరిగి వెళ్లిన మొదటి పొద్దునే, మొదటి బాక్సు నెత్తికి ఎత్తుకుని లేవబోయి, ఎడమ కాలు నిలవక కూలబడింది. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది, ప్లేటూ బాగానే ఉంది. టేపు చుట్టాను. జూన్‌లో మొదటి రోజు ఎంత ఉందో అంతకంటే అర సెంటీమీటరు తక్కువ.

మూడు నెలలు ఏం చేశావని అడిగితే, తల్లి బదులు కూతురే జవాబు చెప్పింది. సునీత మొయినాబాద్‌లో ఒక జిమ్‌లో రిసెప్షన్‌లో పనిచేస్తుంది. అక్కడ సిబ్బంది ఇంట్లోవాళ్లకు ఉచితం. తల్లిని ‘లేడీస్ టోనింగ్’ బ్యాచ్‌లో చేర్పించింది.

“మీరు బరువులు ఎక్కువ పెడుతున్నరంటే మా సార్ వద్దన్నడు మేడం. ఆడోళ్లు హెవీ చేస్తే బాడీ మొగోళ్ల లెక్క అయితదంట. లైట్ వెయిట్, ఎక్కువ కౌంట్ అన్నడు. అమ్మ మంచికే తీస్కపోయిన,” అన్నది.

మరియమ్మ తల వంచుకుని, “గులాబి రంగు డంబెల్స్ మేడం. చిన్నగున్నయి. వంద సార్లు ఊపిచ్చిన్రు,” అన్నది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ మండుతుంది. పద్దెనిమిదేళ్లపాటు ఈమె రోజంతా ఇరవై ఐదు కిలోల బాక్సులు మోసింది. ఒక్కరంటే ఒక్కరు ఈమె మగవాడిలా తయారవుతుందని ఫికర్ పడలేదు. మార్కెట్ పడలేదు, ఊరు పడలేదు, ఏ ట్రైనరూ లారీకి అడ్డం పడలేదు. అదే మనిషి తన కాలు బాగు కోసం ఐదు కిలోలు ఎత్తబోయేసరికి ఆమె ఆడతనం గురించి అందరికీ దిగులు పుట్టింది. కూలికి మోస్తే ఏ బరువైనా ఆడవాళ్లకు తగినదే, తన కోసం ఎత్తుకుంటే మాత్రం అర కిలో దాటకూడదు. ఇదేం న్యాయమో నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ కాదు.

‘టోన్’ అనే మాట మా చదువులో ఉంది. మనిషి ఊరికే పడుకుని ఉన్నప్పుడు కూడా కండలో ఉండే బిగువును అలా అంటాం. పక్షవాతం వచ్చిన కొందరిలో ఆ బిగువు మితిమీరి మోచేయి ముడుచుకుపోతుంది. దాన్ని తగ్గించడానికి నేను నెలల తరబడి తంటాలు పడేదాన్ని. జిమ్‌లు అమ్మే టోనింగ్‌కు దీనితో ఏ సంబంధమూ లేదు. కండ పెరుగుతుంది లేదా తగ్గుతుంది. కొవ్వు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. కొవ్వు కండగా మారడం, కండ పొడుగ్గా సన్నగా సాగడం అనేవి ఒంట్లో జరిగే పనులు కావు. మగవాళ్ల కండ అంత లావెక్కడానికి కారణమైన హార్మోను ఆడవాళ్లలో చాలా తక్కువ. ఏళ్ల తరబడి అదే పనిగా శ్రమించే క్రీడాకారిణులకే కండ కనపడేంతగా రావడం కష్టం. నాలుగు వారాల్లో ఐదు కిలోలతో మీసాలు మొలుస్తాయన్నట్టు మాట్లాడేవాళ్లను ఏమనాలి?

ఆ శనివారం మధ్యాహ్నం డ్యూటీ అయ్యాక బస్సెక్కి మొయినాబాద్‌లో దిగాను. జిమ్ రెండు అంతస్తుల్లో ఉంది. కింద మగవాళ్ల హాల్లో ఇనుప చక్రాలు, రాడ్లు. పైన ఆడవాళ్ల గదిలో అద్దాలు, చాపలు, ఆ గులాబి డంబెల్స్. ట్రైనర్ పేరు ప్రవీణ్, పాతికేళ్లుంటాయి. నేను ఎవరో చెప్పగానే కుర్చీ తుడిచి వేశాడు. మర్యాదస్తుడే. దారంతా కూడబెట్టుకున్న మాటలన్నీ అనేశాను. ఒక పేషంటు కాలిని మూడు నెలలు వెనక్కి నెట్టావన్నాను. ఏ పుస్తకంలో చదివావు, ఎవరు నేర్పారు అని అడిగాను.

అతను, “మీ దవాఖానోళ్లే చెప్పిన్రు గద మేడం,” అని గోడ వైపు చూపించాడు.

గోడ మీద ప్లాస్టిక్ కవర్ వేయించి అంటించిన కరపత్రం ఉంది. పైన మా దవాఖాన పేరు, మహిళా ఆరోగ్య శిబిరం. మూడో పేరా ఇలా ఉంది: ‘స్త్రీలు అధిక బరువులతో వ్యాయామం చేయరాదు. తేలికపాటి బరువులతో కండరాలను టోనింగ్ చేసుకోవాలి.’ కింద ఫిజియోథెరపిస్టు అనే హోదా, దాని పైన నా సంతకం.

“సర్కారు దవాఖాన మేడం సంతకం ఉన్నదని అందరికీ చూపిస్తున్న. తప్పా మేడం?” అని అడిగాడు. వెటకారంగా అనలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

తప్పేనన్నాను. ఆ కాగితం తీయించి సంచిలో పెట్టుకున్నాను. మెట్లు దిగుతుంటే అవమానం కొంత, కోపం కొంత. ఇప్పుడా కోపాన్ని ఎవరి మీద చూపాలో తెలియలేదు.

సోమవారం ఆ కరపత్రం ఫైలు తెప్పించి చూశాను. శిబిరం ప్రతి ఏడాదీ జరుగుతుంది. కరపత్రం ఎవరూ కొత్తగా రాయరు. పోయినేటి కాగితం మీద తారీఖు కొట్టేసి కొత్త తారీఖు వేస్తారు, అప్పుడున్న ఉద్యోగి సంతకం పెడతాడు, ప్రెస్సుకు పోతుంది. ఆఫీసులో దీన్ని ‘పాత ఫైలు మీద పోవడం’ అంటారు. అన్ని ఆఫీసుల్లోనూ అంతే, అందులో ఎవరికీ తప్పు కనిపించదు. నా ముందున్న ముగ్గురి సంతకాలు ఆ ఫైల్లో ఉన్నాయి. ఆ వాక్యం మొదట ఎవరు రాశారో చివరి కాగితం దాకా వెతికినా దొరకలేదు. నాలుగో సంతకం నాది. ఎన్నో ఏళ్ల సర్వీసున్న మనిషిని. చదివి ఉంటే పెట్టేదాన్ని కాదు. చదవలేదు.

తప్పును ఒప్పుకుంటూ, కరపత్రం మార్చాలని కోరుతూ సూపరింటెండెంటుకు నోట్ పెట్టాను. ఆయన చదివి, పంచిన కాగితానికి సవరణ వేస్తే దవాఖాన పరువేం కావాలి, వచ్చే ఏడాది చూద్దాంలెండి అన్నారు. వచ్చే ఏడాది దాకా ఎంతమంది ఆడవాళ్లు అర కిలో ఊపుతూ కూర్చోవాలి సార్ అని గట్టిగానే అడిగాను. మేడంకు బీపీ ఉన్నట్టుంది అని గుమాస్తాతో అన్నారట. నేను సొంతంగా ఒక పేజీ రాసి, జిరాక్సులు తీయించి, చదివి సంతకం పెట్టి, ఒకటి ప్రవీణ్‌కు ఇచ్చాను. అతను పాతదాని చోట దాన్ని అంటించాడు. ఆడవాళ్ల గదిలోకి రాడ్డు తెప్పించడానికి మాత్రం ఓనరు ఒప్పుకోలేదట. కింది హాలుకు ఆడవాళ్లు రారు, పైకి ఇనుము రాదు.

మా గదిలో సంచుల మీది అక్షరాలను కిరోసిన్ గుడ్డతో నేనే తుడిచాను. వాపు తగ్గాక మరియమ్మను మళ్లీ మొదలుపెట్టించాను. ఈసారి ఆమె చేత మార్కెట్ నుంచి ఖాళీ టమాట బాక్సు తెప్పించాను. అందులో ఇసుక సంచులు పేర్చి, అయిదు కిలోలు, ఎనిమిది, పన్నెండు అని పెంచుతూ, కూర్చుని లేవడం, నెత్తిన పెట్టుకుని వరండా చివరిదాకా నడవడం చేయించాను. రోగి ఏ పనికి తిరిగి వెళ్లాలో ఆ పని వస్తువుతోనే శిక్షణ ఇవ్వాలన్నది మా వృత్తిలో పాత సూత్రమే. దాన్నీ ఆ గదిలో చేరాక మరిచిపోయాను. సునీత సెలవు రోజున వచ్చి పక్కన నిలబడి లెక్కపెట్టేది. ఫిబ్రవరి రెండో వారంలో మరియమ్మ నిండా ఇరవై ఐదు కిలోల బాక్సును నెత్తికి ఎత్తుకుని, ఎవరి ఆసరా లేకుండా లేచింది. టేపు చుట్టాను. రెండు తొడలకూ తేడా అర సెంటీమీటరు. మగవాడి లెక్క ఏమీ కాలేదు. మరియమ్మ లెక్కనే ఉన్నది.

మర్నాడు మార్కెట్‌కు వెళ్లింది. జట్టులో ఆమె జాగాను దసరా మర్నాడే ఇంకొకామెకు ఇచ్చేశారు. జట్టు పెద్దామె చెడ్డదేం కాదు. చెప్పిన గడువు దాటింది, వచ్చినామెను తీసేయలేనన్నది. మరియమ్మ పుచ్చులు ఏరే వరసలో కూర్చుంది. నేను రిటైరయ్యేనాటికీ అక్కడే ఉంది.

కార్డు ముగించడానికి చివరిసారి వచ్చినప్పుడు ఆమె నన్ను తిట్టలేదు. ఖాళీ బాక్సు చంకన పెట్టుకుని, “కాలు ఇచ్చినవ్ మేడం. జర దసరాకే ఇచ్చుంటే అయిపోతుండె,” అన్నది.

కార్డులో ‘ఫలితం’ అని ఒక గడి ఉంటుంది. పూర్తి బలం వస్తే ‘సంపూర్ణం’ అని రాయాలన్నది నియమం. నియమం ప్రకారం అదే రాశాను. జట్టులో జాగా గురించి రాయడానికి ఆ కార్డులో గడి లేదు.

ఈ వ్యవహారం నుంచి నేను నేర్చుకున్నవి రెండు. ఆడవాళ్ల బలం గురించి ఎవరు ఏం చెప్పినా, అది ఎన్ని కిలోలు, ఎన్ని సెంటీమీటర్లు అని అడగాలి. కిలోల్లో, సెంటీమీటర్లలో చెప్పలేని మాటను నమ్మకూడదు. రెండోది, చదవని కాగితం మీద సంతకం పెట్టకూడదు. మిగిలిన సర్వీసంతా చదివే పెట్టాను. మరియమ్మకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.