అరువై అంగలు

మారుతి పొట్టోడు. ఈ ముచ్చట ముందుగాల చెప్పాలె, ఎందుకంటె అసలు గోసంత ఈడికెల్లే మొదలైంది.

దోహల కట్టే బిల్డింగులకు పరంజా కట్టుడు ఆయన పని, తొమ్మిదేండ్లాయె. అంతకుముందు జగిత్యాల దిక్కు వాళ్ల ఊర్లె మాదిగవాడ సంఘం పెట్టిందే ఆయన. వాడకు బొందలగడ్డ ఎకరం జాగ పాత కాగితాలల్ల ఉన్నది, నేల మీద లేదు. పక్కపొంటి పటేలు ఏటా రెండు సాళ్లు జరిపి జరిపి సగం దున్నుకున్నడు. సచ్చినోళ్లకే జాగ లేకపోతె బతికినోళ్లకేం ఇజ్జతుంటదని మారుతి ఇల్లిల్లు తిరిగి, నలభై ఇండ్లను ఒక్క మాట మీదికి తెచ్చిండు. సంఘానికి ఆయన పెట్టిన కట్టుబాటు ఒక్కటే. ఒక్క ఇల్లు కాదన్నదంటె, ఏ కాగితం మీద వేలిముద్ర పడొద్దు. ఊర్లె పెద్దమనుషులు నవ్విండ్రు గని, సంఘం చీలకుంట ఉన్నదంటె ఆ కట్టుబాటుతోనే.

మనిషి గల్ఫ్‌కు వచ్చిండు గని పానం ఆడ్నే ఉన్నది. శుక్రవారం వచ్చిందంటె చాలు, క్యాంప్ కాడ బస్సెక్కి అల్ మన్సూరల ముజఫ్ఫర్ అలీ చాయ్ దుకాణం ముందట కుర్చేసుకుంటడు. ఇమోల ఊరికి వీడియో ఫోన్ కలిపి సంఘం ముచ్చట్లన్ని అడుగుతడు. ఇప్పుడు సంఘం పెద్ద నర్సవ్వ, ఆయనకు వరుసకు పెద్దవ్వ. ఖతర్ అని వందసార్లు చెప్పినా ఆమెకు దుబాయే.

నిరుడు మారుతిని కన్న అవ్వ పోశవ్వ సచ్చిపోయింది. పటేలు నాగలికి అడ్డంగ మొదలు పండుకున్న ఆడిది ఆమెనే. సెలవు మాఫీ, అంటె లేదు, అన్నడు ఫోర్మన్. ఇగ ఏం జేస్తడు? ఏడ్సుకుంటనే ఫోన్ల చెప్పిండు. వాగొర్రె కాడి రాయి నుంచి పొద్దుపొడుపు దిక్కు అరువై అంగలెయ్యిండ్రి, ఆడ మన జాగ ఒడుస్తది, అవ్వను ఆ చివర్న పెట్టుండ్రి, ఆమెను దాటి నాగలి రాదు అని. ఆ అరువై అంగలు ఆయన ఎన్నడో తన కాళ్లతోని కొలిచి పెట్టుకున్న లెక్క. ఆ దినం కొలిచింది చిన్నాయిన కొడుకు నర్సింగ్. నర్సింగ్ తాడిచెట్టంత మనిషి. ఎవరి అంగలో ఈయన చెప్పలె, ఆయన అడగలె.

మట్టి ఏసుడు మారుతి ఫోన్లనే చూసిండు. కొడుకు ఎయ్యాల్సిన మూడు పిడికిళ్లు ఎయ్యలేదని అప్పటి సంది ఆయనకు ముద్ద దిగది. సెలవిచ్చినంక పోయి ముందుగాల ఆ మూడు పిడికిళ్లు ఏస్తనని కాలెండర్ల దినాలు కొట్టేసుకుంట వస్తున్నడు.

ఈ శుక్రవారం సర్కారు సర్వేయర్ వచ్చిండు. దోహల ఎనిమిదిన్నర, ఊర్లె పదకొండు. మారుతి పెండ్లాం మమత ఫోన్ పట్టుకోని టేపు ఎంబడి నడుస్తున్నది. కాగితం లెక్కకు ఎకరం నిండుగ వచ్చింది. వాడంత సంబురపడ్డరు. టేపు చివర్న ముగ్గు పోసినంక చూస్తె, పోశవ్వ బొంద ముగ్గుకు పదిహేను మూరలు అవుతల పడ్డది, పటేలు పట్టాల.

నర్సింగ్ తన పొడుగు కాళ్ల దిక్కు చూసుకోని తలకాయ వంచుకున్నడు. ఈ గీత మీదైతె ఇప్పుడే సంతకం పెడ్త, ఒక్క మూర జరుపుమంటె కోర్టుల చూసుకుందాం అన్నడు పటేలు. కోర్టంటె ఇంకో ఇరవై ఏండ్లు.

నర్సవ్వ కాగితం పక్కకు జరిపింది. "పోశవ్వను బయట పారేసి మనం లోపల పండుకుందామా? మా ఇల్లు కాదంటది."

ఆమె కాదంటె అయిపాయె. కట్టుబాటు పెట్టింది మారుతే. సర్వేయర్ టేపు సుట్టుడు షురూ జేసిండు.

మారుతి నోరు మూసుకుంటె చాలు, నర్సవ్వ మాటే నిలుస్తది, అవ్వ బొందను పటేలుకు రాసిచ్చినట్టు కాదు. నోరు తెరిస్తె ఎకరం వాడకొస్తది, గని రేపు ఆ మట్టి మీద నాగలి నడిచినా ఆపే కాగితం లేదు. ఇంకా ఏడు నెల్లకు సెలవు. అప్పటికి ఆ కుప్ప ఉంటదో లేదో. చాయ్ మీద మీగడ కట్టింది.

"పెద్దవ్వా," అన్నడు. "తొమ్మిదేండ్ల సంది నేను గూడ హద్దు బయటనే ఉన్న గదా. అవ్వకు నేను తోడుంట. మీరు రాయి పాతుండ్రి."

నర్సవ్వ కొంగుతోని మొఖం తుడుసుకోని, దుబాయ్‌ల ఉన్నోని ఇల్లు గూడ ఇల్లే, ఆ ఇంటి మాటకు మేం అడ్డం రామని వేలిముద్ర ఏసింది. వరుసగ నలభై ఇండ్లూ ఏసినయ్. గుంత తవ్వి హద్దురాయి నిలవెట్టింది నర్సింగే.

అందరు పోయినంక మమత అడిగింది, అత్త కాడికి పోదామా అని. మారుతి ఊ అన్నడు. ఆమె ముగ్గు దాటి పోయి, ఆయన పేరు చెప్పి మూడు పిడికిళ్ల మట్టి ఏస్తనన్నది. వద్దన్నడు. అవి నావి, నేనే ఏస్త అన్నడు. ఇగ ఆమె ఏం జెయ్యాల్నో తెల్వక, ఫోన్‌ను బొంద మీద ఎల్లకిల పెట్టి పక్కన కూసున్నది.

ఫోన్ల ఊరి ఆకాశం తప్ప ఇంకేం కనవడలె. జుమ్మా నమాజుకు ముజఫ్ఫర్ అలీ షట్టర్ దించేదాక మారుతి అదే చూసుకుంట కూసున్నడు.