ఎండతో నడిచే లెక్కల మిషను

మా నాన్న ఏ వస్తువు కొన్నా ముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. అది మిరపకాయల దగ్గర అబ్బిన అలవాటు. బాగా ఎండిన కాయను ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. పచ్చి మిగిలిన కాయ నోరు మెదపదు. గుంటూరులో ఆ కొట్టాయన అద్దాల బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టిన కాలిక్యులేటర్‌ను కూడా నాన్న అలాగే చెవికి ఆనించి ఊపాడు. కొట్టాయన ముఖం చూసి తీరాల్సిందే.

"పెద్దాయనా, అది మిరపకాయ కాదండీ!"

"తెలుసులేవయ్యా. లోపల ఏదన్నా ఊడిందేమో చూస్తన్నా" అన్నాడు నాన్న, ఏమాత్రం తగ్గకుండా.

నాకు తల కొట్టేసినట్టయింది. పక్కన మా కాలేజీ పిల్లలు ఎవరైనా ఉన్నారేమోనని వెనక్కి తిరిగి చూసుకున్నాను.

అది ఎనభైలలో మాట. పదో తరగతి పాసై, ఆ ఏడే గుంటూరులో ఆడపిల్లల పాలిటెక్నిక్‌లో చేరాను. మాది అద్దంకి దగ్గర పల్లె. కౌలుకు తీసుకున్న చేలో నాన్న మిరప వేసేవాడు, అమ్మ ఆయనతో సమానంగా కష్టపడేది. మా పేటలో అంత దాకా చదివిన ఆడపిల్లను నేనే మొదటిదాన్ని కాబట్టి, పాస్టరు గారు ప్రతి ఆదివారం ప్రార్థనలో నా లెక్కల పేపరును కూడా కలిపేవారు. ఇది గొప్పకు చెప్పడం లేదు. నా లెక్కలకు ఆ ప్రార్థన అవసరం నిజంగానే ఉంది.

అర్ధ సంవత్సరం పరీక్షలో లెక్కలు తప్పాను. వక్రరేఖలు గీయమని ఇస్తారు. ఒక్కో చుక్కకూ సైను విలువో లాగరిథం విలువో టేబుల్స్ పుస్తకంలో వెతుక్కుని, రాసుకుని, గ్రాఫు కాగితం మీద పెట్టేసరికి గంట కొట్టేసేవారు. మా లెక్కల మేడమ్ జాలిపడింది. "సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఒకటి కొనుక్కోవే. ఎక్కడో విదేశాల్లో గ్రాఫు కూడా అదే గీసి చూపించే మిషన్లు వచ్చాయంట. మనకంత లేదు. విలువ అది చెప్తుంది, గీత నువ్వు గీసుకో" అంది. పెద్ద పరీక్షలో కూడా తప్పితే స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది, హాస్టలు ఉండదు, నేను వెళ్ళి అమ్మ పక్కన మిరపకోతకు వంగాలి. ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనలేదు గానీ ముగ్గురికీ తెలుసు.

కొట్టాయన రెండు రకాలు చూపించాడు. ఒకటి సెల్లుతో నడిచేది. సీనియర్లందరి దగ్గరా అదే ఉండేది, నల్లటి తొడుగులోంచి సర్రున తీసేవాళ్ళు. నా ప్రాణమంతా దాని మీదే ఉంది. రెండోది సెల్లు అక్కర్లేకుండా, పైనున్న నల్ల పలక మీద ఎండ పడితే నడిచేది. ఎండ అన్న మాట వినగానే నాన్న ముందుకు వంగాడు.

"ఎండతోనా! మరి మబ్బు పడితే?"

"లైటు వెలుగు పడ్డా చాలండీ. కిటికీ పక్కన కూర్చుంటే సరి."

"ఇదే ఇయ్యి" అని నా వైపు తిరిగాడు. "సెల్లు అయిపోతే నువ్వు ఊరంతా తిరగాల. ఎండ ఎప్పుడన్నా అయిపోయిద్దంటమ్మా?"

ఎండ మీద ఆయనకంత గురి. మా ఇంట్లో తిండి, బట్ట, నా చదువు అన్నీ కల్లంలో పడే ఎండ చేతిలోనే ఉండేవి మరి. నేను మాత్రం ఆదివారానికి ఇంటికి వెళ్తూ చిలకలూరిపేట దాకా బస్సులో మూతి ముడుచుకునే కూర్చున్నాను.

పెద్ద పరీక్షల ముందు చదువుకోమని సెలవులిస్తే ఇంటికి వచ్చాను. కల్లం నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఒక రోజు మధ్యాహ్నం చూస్తే కాలిక్యులేటర్ కనబడలేదు. ఇల్లంతా గాలించి, చివరికి కల్లం దగ్గరికి పరిగెత్తాను. ఎర్రటి కాయల మధ్యలో, ఉతికిన కండువా మీద, నా కాలిక్యులేటర్ వెల్లకిలా పడుకుని ఉంది. పక్కనే నాన్న కాయలు తిరగేస్తున్నాడు.

"పరీక్షకు బలంగా ఉండాలని కాస్త ఎండ పట్టిస్తన్నా" అన్నాడు ప్రేమగా.

చేతిలోకి తీసుకుంటే పెనంలా కాలింది. అంకెలు కనబడాల్సిన అద్దం మొత్తం బొగ్గులా నల్లబడిపోయింది. ఏ మీట నొక్కినా అదే నలుపు. నేను పెట్టిన కేకకు అమ్మ ఇంట్లోంచి వచ్చింది.

"వడదెబ్బ కొట్టిందే దీనికి!" అని కొంగుతో పట్టుకుని, ఇంట్లో మంచినీళ్ళ కుండ పక్కన నీడలో పెట్టింది. తర్వాత నాన్న వైపు తిరిగింది. "ఏమయ్యా, నిన్ను కూడా ఇట్టాగే కల్లంలో పరిచి తిరగేస్తే తెలిసుద్ది."

సాయంత్రానికి ఆ నలుపు మెల్లగా పలచబడి, ఒక మూల సున్నా కనిపించింది. "స్తోత్రం తండ్రీ" అంది అమ్మ. నాకైతే పోయిన ప్రాణం లేచొచ్చింది.

దీపాలు పెట్టే వేళకు ఎప్పటిలాగే కరెంటు పోయింది. నాన్న కల్లం కాపలాకు వాడే మూడు సెల్లుల టార్చి తెచ్చి కాలిక్యులేటర్ మీద వేశాడు. సున్నా వచ్చింది. అరచెయ్యి అడ్డం పెట్టాడు, పోయింది. తీశాడు, వచ్చింది. చిన్నపిల్లాడిలా చాలాసేపు అదే ఆట.

"అమ్మాయ్, దీనికి కావాల్సింది ఎండ కాదే, వెలుగు. నేను మిరపకాయ లెక్కనే అనుకున్నా" అన్నాడు. ఆ మాటకు నవ్వు ఆపుకోలేక, అప్పటిదాకా ఉన్న కోపం అక్కడే వదిలేశాను.

లెక్కల పరీక్ష రోజు గుంటూరులో తెల్లవారేసరికి ఆకాశం నల్లగా ఉంది. కల్లంలో కాయ ఉండగా మబ్బు పట్టిందంటే మా వైపు ఎవరికీ ముద్ద దిగదు. నాన్నా అమ్మా కాయల మీద కప్పడానికి పట్టాలు పట్టుకుని ఎలా పరుగులు పెడుతున్నారో అనుకుంటూనే హాల్లోకి వెళ్ళాను. నా నంబరు కిటికీకి దూరంగా, గోడ వారన పడింది. మిగతా లెక్కలు ఎలాగో చేసి, ఎక్కువ మార్కులున్న వక్రరేఖల దగ్గరికి వచ్చాను. అప్పుడే గాలివాన మొదలైంది. జల్లు కొడుతోందని కిటికీలు మూసేశారు, వెంటనే కరెంటు పోయింది. నా అంకెలు పలచబడి, పలచబడి, మాయమయ్యాయి. టేబుల్స్ పుస్తకం ఇక అక్కర్లేదని హాస్టల్లోనే వదిలేసి వచ్చాను. గ్రాఫు కాగితం తెల్లగా నా ముందు ఉంది. నా చదువు అయిపోయిందనుకున్నాను. ఏడుపు వచ్చేసింది.

అంతలో వాచ్‌మన్ తలుపు తోసుకుని వచ్చి, నా పేరు చెప్పి, చేతిలో ఉన్నది హాల్లో కాపలా ఉన్న మేడమ్‌కు చూపించాడు.

"ప్రిన్సిపాల్ మేడమ్ ఇమ్మన్నారండీ. ఈ అమ్మాయి వాళ్ళ నాన్నంట, గేటు కాడ ముద్దగా తడిసి నిలబడ్డాడు. మా అమ్మాయి మిషనుకు వెలుగు కావాల అని ఒకటే గోల."

అది మా టార్చి. మేడమ్ దాని మూత విప్పి, సెల్లుల మధ్య చీటీలేమైనా ఉన్నాయేమో చూసి, నవ్వుతూ వెలిగించి నా బల్ల మీద పెట్టింది. సున్నా వచ్చింది. హాల్లో అందరూ నవ్వారు. నవ్వుకోనీ అనుకున్నాను. ఆ వెలుగులోనే విలువలు కట్టాను, ఆ వెలుగులోనే చుక్కలు కలిపాను. గంట కొట్టేసరికి గీత పూర్తయింది.

బయటికి వస్తే నాన్న వరండాలో పంచె పిండుకుంటున్నాడు.

"మబ్బు చూసి తెల్లారే బస్సెక్కా. చిలకలూరిపేట కాడ ఆగిపోయింది. లేకపోతే ముందే ఇద్దును" అని, "గీతలు వచ్చినయ్యా?" అని అడిగాడు.

"వచ్చాయి నాన్నా. మరి కల్లం?"

"మీ అమ్మ ఉందిగా" అన్నాడు. ఆ ముక్క నా వైపు చూడకుండా అన్నాడు. టార్చి అడిగి తీసుకుని, రాత్రి కాపలాకు కావాలంటూ బస్టాండు వైపు నడిచాడు.

లెక్కలు పాసయ్యాను. అది ఇంకా తెలియకముందే, పరీక్షలన్నీ అయ్యి ఇంటికి వచ్చేసరికి అమ్మ కాయలు ఏరుతోంది. ఒక్కతే అన్నిటి మీదా పట్టా కప్పలేకపోయింది. తడిసిన కాయ రంగు పోయి, తెల్లటి మచ్చలు పడి తాలైపోయింది. ఆ తాలు కుప్ప మంచి కాయ కంటే పెద్దగా ఉంది. నేను ఆమె పక్కన కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. నాన్న ఆ రోజు రాకుండా ఉండాల్సిందేమో అన్నాను.

"మీ నాన్నా? ఆ పొద్దున టార్చి పట్టుకుని అటు కల్లం వంకా ఇటు రోడ్డు వంకా చూస్తా నిలబడిపోయాడు. నేనే బస్సెక్కు పో అని తోశా" అంది అమ్మ, చేతులు ఆపకుండా. "కాయ వచ్చే ఏడు మళ్ళా కాస్తది. పిల్ల చదువు ఆగితే మళ్ళా ఎత్తుకుంటదా?"

ఆ కాలిక్యులేటర్ నా డిప్లొమా అంతా నడిచింది. కోతకు వంగాల్సిన నేను జీవితమంతా బల్ల ముందు కూర్చుని బతికాను, అది వాళ్ళిద్దరూ పెట్టిన భిక్ష. ఆ ఏడాదంతా మా ఇంట్లో తాలు కాయల కారమే కొట్టించుకున్నాం. రంగు లేదు, అన్నంలో కలిపితే పాలిపోయినట్టు ఉండేది. నేను మాత్రం మళ్ళీ వేయమని కంచం చాచేదాన్ని.